ఐదు వాట్లా, పదహారు వాట్లా? రెండు వాల్వు గిటారు ఆంప్లిఫయర్ల ప్రాజెక్టు డైరీ

పని పరిధి

విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరగా ఉన్న మా మేడ మీది గదిలో ఎలక్ట్రిక్ గిటారు కోసం రెండు వాల్వు ఆంప్లిఫయర్లు కట్టాను. వాల్వు అంటే పాత రేడియోలలో ఉండే, వేడెక్కి పనిచేసే గాజు గొట్టం. మొదటిది ఒకే అవుట్‌పుట్ వాల్వుతో 5 వాట్లకు కాస్త తక్కువగా ఇచ్చేది, రెండవది రెండు అవుట్‌పుట్ వాల్వులతో 16 వాట్లు ఇచ్చేది. నేను గిటారు మీద వాయించేది ఎక్కువగా కర్ణాటక సంగీతం. వారానికి రెండు రోజులు ఒక మిత్రుడు మృదంగంతో వస్తాడు. చిన్నది చాలునా, పెద్దది కావాలా అన్న ప్రశ్నకు దుకాణదారులూ వాద్యకారులూ “5 వాట్లది ఇంటికి, 15 వాట్లది వేదికకు” అన్నదానితో సహా తలా ఒక మాట చెప్పినందున, రెండింటినీ కట్టి కొలిచి తేల్చుకోదలచాను. ఇదే పని తలపెట్టేవారు నేను చేసిన తప్పులను మళ్ళీ చేయకుండా ఉండేందుకు ఖర్చులతో సహా రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పెట్టెల లోపల 350 వోల్టులకు మించిన డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. పని మొదలుపెట్టే ప్రతిసారీ నేను పాటించిన క్రమం ఇది:

1. ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసివేయాలి. స్విచ్చి ఆపితే చాలదు.
2. ఒక నిమిషం ఆగి, మొదటి కండెన్సరు మీద మల్టీమీటరు పెట్టి 10 వోల్టుల కంటే తక్కువ ఉన్నదని చూసుకోవాలి.
3. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టాలి. బల్బు క్షణం మెరిసి మందగిస్తే మంచిది. వెలుగు తగ్గకుండా నిలిస్తే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు.
4. స్పీకరు గానీ, దానికి బదులుగా 8 ఓముల పెద్ద రెసిస్టరు గానీ తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును వాయించకూడదు. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో పుట్టే అధిక వోల్టేజీకి దాని ఇన్సులేషనే కాలిపోవచ్చు.

మొదటి దశ: చిన్న ఆంప్లిఫయరు, కరెంటు లెక్కలు

1950ల చివరినాటి ఫెండర్ ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్‌ను తీసుకున్నాను. గిటారు సంకేతాన్ని మొదట పెంచే 12ఏఎక్స్7 ఒకటి, స్పీకరును నడిపే 6వీ6 ఒకటి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరుగా 5వై3 ఒకటి, మొత్తం మూడే వాల్వులు. ఇంతకంటే సరళమైన గిటారు ఆంప్లిఫయరు దొరకదు. అయితే అది అమెరికా కరెంటుకు, అంటే 60 హెర్ట్జ్‌కు రూపొందినది. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును మన 50 హెర్ట్జ్ మీద నడిపితే కోర్‌లో అయస్కాంత తీవ్రత ఐదో వంతు పెరిగి, అది అనవసరంగా వేడెక్కుతుంది. అందువల్ల బయటినుంచి తెప్పించకుండా, మోటార్లు రీవైండింగు చేసే ఒక స్థానిక దుకాణంలో చుట్టించాను. 9 చదరపు సెంటీమీటర్ల కోర్‌కు వోల్టుకు 5 చుట్లు, అంటే 230 వోల్టుల ప్రైమరీకి 1,150 చుట్లు. హైటెన్షన్ సెకండరీ, అంటే వాల్వులకు అధిక వోల్టేజీ ఇచ్చే వైండింగు, 300-0-300 (నడుమ బిందువు నుంచి అటూ ఇటూ 300 వోల్టులు).

మొదటి తప్పు ఆ 300 అన్న అంకెలోనే ఉంది. మా ఇంట్లో కరెంటు ఎంత వస్తుందో కొలవకుండానే 230 అనుకొని ఆర్డరు ఇచ్చాను. తరువాత ఒక వారం పాటు రాసుకున్న సగటు అంకెలు ఇవి: ఉదయం 6 గంటలకు 228, మధ్యాహ్నం 219, సాయంత్రం 7 గంటలకు 206, అర్ధరాత్రి 246. 5వై3 కొద్ది సెకన్లలోనే వేడెక్కి డీసీ ఇవ్వడం మొదలుపెడుతుంది గానీ, 6వీ6 వేడెక్కి కరెంటు తీసుకోవడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఈ మధ్యకాలంలో భారం లేనందువల్ల వోల్టేజీ శిఖరానికి చేరుతుంది. అర్ధరాత్రి 246 వోల్టుల మీద అది 460 దాటింది. నేను వేసిన కండెన్సరు 450 వోల్టులది. మూడో రాత్రికి దాని పైమూత ఉబ్బింది. పగలు పని చేసుకునేవారికి ఈ లోపం ఎప్పటికీ కనబడకపోవచ్చు.

చేసిన మార్పు: 350 వోల్టుల 47 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండింటిని సీరీస్‌లో పెట్టి, ఒక్కొక్కదానికి అడ్డంగా 220 కిలో ఓముల రెసిస్టరు వేశాను. దీనివల్ల 700 వోల్టులకు తట్టుకునే 23.5 మైక్రోఫారడ్లు వచ్చాయి. ఆ రెసిస్టర్లే ప్లగ్గు పీకిన తరువాత ఛార్జిని సుమారు ఒక నిమిషంలో దించేస్తున్నాయి. పైన రెండో సూచనలో చెప్పిన నిమిషం అక్కడిదే. అయినా మీటరు పెట్టకుండా చేయి పెట్టను.

అర్ధరాత్రి వోల్టేజీ మీద 6వీ6 పరిస్థితి కూడా చూశాను. వాల్వు లోపల ఎలక్ట్రాన్లు కాథోడ్ నుంచి బయలుదేరి ఎక్కువగా ప్లేటుకు, కొన్ని స్క్రీను అనే జాలీకి చేరతాయి. కాథోడ్ రెసిస్టరు 470 ఓములు, దాని మీద 21 వోల్టులు, కనుక 44.7 మిల్లీ ఆంపియర్లు. అందులో స్క్రీనుకు పోయే 3 తీసివేస్తే ప్లేటుకు 41.7. ప్లేటుకూ కాథోడ్‌కూ మధ్య 331 వోల్టులు. రెండింటినీ హెచ్చిస్తే ప్లేటు మోసే వేడి 13.8 వాట్లు. ఈ వాల్వుకు పాత లెక్క ప్రకారం పరిమితి 12 వాట్లు, తరువాతి కాలపు లెక్క ప్రకారం 14. కాథోడ్ రెసిస్టరును 560 ఓములకు మార్చగా 12.7కు దిగింది. ధ్వనిలో తేడా నాకు వినబడలేదు.

ఖర్చు: పవర్ ట్రాన్స్‌ఫార్మరు 1,450, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 900, వాల్వులు 4,750, విడిభాగాలు 1,380, అల్యూమినియం చాసీ 650, పాత సామాన్ల దుకాణంలో దొరికిన 8 అంగుళాల స్పీకరు 700. ఇప్పటివరకు మొత్తం: 9,830 రూపాయలు.

రెండో దశ: కింది స్వరాలు మాయమైన కథ

వాయించి చూస్తే పై తీగలు వినబడుతున్నాయి, కింది తీగలు డబ్బా రేడియోలో విన్నట్టు ఉన్నాయి. నాలుగు రోజులు కప్లింగు కండెన్సర్లను (ఒక వాల్వు నుంచి ఇంకొకదానికి ధ్వనిని దాటించేవి) మారుస్తూ వృథా చేశాను. ఐదో రోజు బుద్ధి తెచ్చుకొని స్పీకరు తీసి, 8 ఓముల రెసిస్టరు పెట్టి, ఫోను నుంచి సైను తరంగం ఇచ్చి కొలిచాను. 1,000 హెర్ట్జ్ వద్ద 5.8 వోల్టుల వరకు తరంగం ఆకారం చెడకుండా వచ్చింది. గిటారు కింది తీగ స్వరమైన 82 హెర్ట్జ్ వద్ద 2.2 వోల్టులకే వంకరపోయింది.

తప్పు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుది. ఒకే వాల్వు ఉన్న సర్క్యూట్‌లో ప్లేటుకు పోయే డీసీ మొత్తం ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ గుండా ఒకే దిశలో ప్రవహిస్తుంది. కోర్‌లో చిన్న ఎడం లేకపోతే ఆ డీసీయే కోర్‌ను నింపివేసి, కింది స్వరాలకు చోటు లేకుండా చేస్తుంది. వైండింగు చేసిన పెద్దాయన మామూలు పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు పేర్చినట్టే కోర్‌లోని E, I అక్షరాల ఆకారపు రేకులను ఒకటి ఇటు ఒకటి అటుగా అల్లి బిగించారు. అది ఆయన తప్పు కాదు, నేను చెప్పలేదు. విప్పి, E రేకులన్నీ ఒకవైపు, I రేకులన్నీ ఇంకొకవైపు పెట్టి మధ్యలో కాగితం ముక్క ఇరికించమని అడిగినప్పుడు, “ఇదేటండీ మాస్టారూ, సందు పెడితే మోగిపోద్ది కదా” అన్నారు. పవర్ ట్రాన్స్‌ఫార్మరు విషయంలో ఆయన మాట నిజమే.

సరిచేసిన క్రమం:

1. E రేకులన్నీ ఒకవైపు, I రేకులన్నీ ఇంకొకవైపు పేర్చి, మధ్యలో పలుచని కాగితం ఒక పొర పెట్టి క్లాంపుతో గట్టిగా బిగించడం.
2. చుట్ల నిష్పత్తిని పరీక్షించడం. 6వీ6కు 5,000 ఓముల భారం, స్పీకరు 8 ఓములు. 5,000ను 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. ప్రైమరీకి 6.3 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో 0.25 వోల్టు రావాలి. వచ్చింది.
3. మళ్ళీ కొలవడం. 1,000 హెర్ట్జ్ వద్ద 6.1 వోల్టులు, 82 హెర్ట్జ్ వద్ద 5.3 వోల్టులు.

వోల్టుల వర్గాన్ని 8తో భాగిస్తే 1,000 హెర్ట్జ్ వద్ద శక్తి 4.65 వాట్లు. ఫీడ్‌బ్యాక్ తీగ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపేది) తగిలించగానే ఆంప్లిఫయరు కూత పెట్టింది. సెకండరీ తీగలు రెండింటినీ తారుమారు చేయగానే ఆగింది.

తరువాత హమ్ము, అంటే కరెంటు వల్ల వచ్చే ఎడతెగని మోత. గిటారు తగిలించకుండా స్పీకరు చివర్ల వద్ద 38 మిల్లీవోల్టులు. 12ఏఎక్స్7ను పీకినా సగానికి పైగా మిగిలింది కనుక, లోపం మొదటి వాల్వులో ఒక్కదానిలోనే లేదని తేలింది. ఆసిలోస్కోపులో 50, 100 హెర్ట్జ్‌లు రెండూ కనిపించాయి. 100 హెర్ట్జ్ రెక్టిఫయరుది. అమెరికాలో ఇదే 120 ఉంటుంది కనుక వారి పాత కండెన్సరు విలువలు మనకు కొంచెం తక్కువవుతాయి. రెండో కండెన్సరును 8 నుంచి 22 మైక్రోఫారడ్లకు పెంచాను. 50 హెర్ట్జ్ హమ్మును తగ్గించేందుకు, వాల్వులను వేడిచేసే హీటరు తీగలను గట్టిగా మెలిపెట్టి, రెండు 100 ఓముల రెసిస్టర్లతో వాటి నడుమ బిందువును చాసీకి కట్టాను. చివరిగా, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి ఇయర్‌ఫోను తగిలించి, పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రమే కరెంటు ఇచ్చి, రెండింటినీ అటూ ఇటూ తిప్పుతూ శబ్దం అతి తక్కువగా ఉన్న చోటు వెతికాను. ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు అది దాదాపు మాయమైంది. ఈ పని చాసీకి రంధ్రాలు కొట్టకముందే చేయవలసినది. నేను తరువాత చేశాను కనుక నా చాసీకి నాలుగు రంధ్రాలు అదనంగా ఉన్నాయి. చివరి కొలత 9 మిల్లీవోల్టులు.

గిటారు తీగలు ముట్టుకున్నప్పుడు వేళ్ళకు వచ్చిన జిమజిమ ఆంప్లిఫయరుది కాదు, మా ఇంటి ఎర్తుది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 14 వోల్టులు చూపింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ కొత్తగా వేయించాను. ఆ ఖర్చు ఇంటిది కనుక ఇక్కడ కలపలేదు.

ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు 250, విడిభాగాలు 340. మొత్తం: 10,420.

మూడో దశ: పెద్దది

పెద్దదానికి రెండు ఈఎల్84లు ఎంచుకున్నాను. 1960లలో మార్షల్ కంపెనీ 18 వాట్ల ఆంప్లిఫయర్లలో, వాక్స్ ఏసీ15లో ఇవే వాల్వులు ఉండేవి. ఇంకొక కారణం కూడా ఉంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు ఈ వాల్వును తయారుచేసింది. రేడియో మరమ్మతులు మానుకున్న ఒక మెకానిక్కు దగ్గర వాడని జత ఒకటి దొరికింది.

ఇక్కడ రెండు వాల్వులు వంతులవారీగా లాగుతాయి. వాటి డీసీ ట్రాన్స్‌ఫార్మరులో ఎదురెదురుగా ప్రవహించి రద్దవుతుంది కనుక, కోర్‌లో సందు అక్కరలేదు. పెద్దాయనకు ఈసారి నేను ఏమీ చెప్పనవసరం లేకపోయింది, ఆయన అలవాటు ప్రకారం అల్లినదే సరైనది. భారం 8,000 ఓములు, నిష్పత్తి సుమారు 31.6. రెక్టిఫయరు వాల్వుకు బదులు 1ఎన్4007 డయోడ్లు వేశాను. హైటెన్షన్ వైండింగును ఈసారి అర్ధరాత్రి 246 వోల్టులకు లెక్కవేసి 250-0-250గా చెప్పాను.

అయినా ఒక పొరపాటు జరిగింది. రెండు వాల్వుల ఉమ్మడి కాథోడ్ రెసిస్టరుగా 130 ఓములు వేస్తే, రాత్రిపూట ఒక వాల్వు ప్లేటు మీద లేత ఎరుపు మరక కనిపించింది. గదిలో దీపం ఆర్పి చూస్తే తప్ప తెలియదు. ఒక్కొక్కదానికి 13 వాట్లు దాటుతున్నాయి, పరిమితి 12. రెసిస్టరును 150కి మార్చాక మరక పోయింది. 8 ఓముల మీద 11.4 వోల్టులు, అంటే 16.2 వాట్లు వచ్చాయి.

పవర్ ట్రాన్స్‌ఫార్మరు 2,300, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 1,600, ఈఎల్84 జత 1,600, రెండు 12ఏఎక్స్7లు 2,300, విడిభాగాలు 2,150, చాసీ 850. మొత్తం: 21,220. చిన్నది చాసీతో 6.2 కిలోలు, పెద్దది 11.4 కిలోలు. మేడ మెట్లెక్కేటప్పుడు ఈ తేడా డెసిబెల్ తేడా కంటే ముందుగా తెలుస్తుంది.

నాలుగో దశ: వాట్లు కాదు, స్పీకరు

16.2ను 4.65తో భాగిస్తే మూడున్నర రెట్లు. డెసిబెల్ లెక్కలో అది 5.4 మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు, అంటే పది రెట్ల వాట్లు కావాలి. “5 వాట్లది ఇంటికి, 15 వాట్లది వేదికకు” అనే మాట ఈ ఒక్క లెక్కతోనే బలహీనపడుతుంది.

12 అంగుళాల గిటారు స్పీకరు కొన్నాను (4,200). మొదట 1,000 హెర్ట్జ్ సైను తరంగంతో పోల్చబోయి విఫలమయ్యాను. గోడల ప్రతిధ్వని వల్ల ఫోనును జానెడు జరిపితే 9 డెసిబెల్లు మారింది. ఆ రోజు అంకెలన్నీ కొట్టివేశాను. తరువాత హోరు లాంటి శబ్దాన్ని 2.83 వోల్టుల వద్ద, అంటే 8 ఓముల మీద ఒక వాటు చొప్పున ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఐదు చోట్ల కొలిచి సగటు తీశాను. 8 అంగుళాలది 89 డెసిబెల్లు, 12 అంగుళాలది 96. ఫోను చూపే అసలు అంకెను నేను నమ్మను. ఒకే ఫోను, ఒకే గది, ఒకే దూరం కనుక 7 డెసిబెల్ల తేడాను మాత్రం నమ్ముతాను.

ఈ అంకెలతో కట్టిన గరిష్ఠ స్థాయిలు, డెసిబెల్లలో:

1. చిన్నది, 8 అంగుళాలు: 95.7
2. పెద్దది, 8 అంగుళాలు: 101.1
3. చిన్నది, 12 అంగుళాలు: 102.7
4. పెద్దది, 12 అంగుళాలు: 108.1

మూడో వరుసను చూసి లెక్క తప్పిందనుకొని మళ్ళీ కట్టాను. మంచి స్పీకరు మీద 5 వాట్ల లోపు ఆంప్లిఫయరు, పాత స్పీకరు మీద 16 వాట్లదాని కంటే గట్టిగా మోగుతోంది. 10,800 రూపాయల ఆంప్లిఫయరు చేయలేని పనిని 4,200 రూపాయల స్పీకరు చేసింది. నేను మొదట స్పీకరు కొని ఉంటే పెద్దది కట్టేవాడినే కానేమో. చిన్నది ఇంటికి సరిపోతుందన్న మాటలో కూడా సగమే నిజం. 12 అంగుళాలతో దాన్ని పూర్తిగా తిప్పి వాయించిన రోజున పక్క మేడ మీది మామ్మగారు వచ్చి, “బాబూ, గుడి మైకు మన వీధికి మార్చారా?” అని అడిగారు. ఇంట్లో వాల్వు మీద బరువు పడే ధ్వని, అంటే దాన్ని హద్దు దాకా తోస్తే వచ్చే కాస్త చెదిరిన ధ్వని కావాలంటే, ఆ 8 అంగుళాల అసమర్థపు స్పీకరే అసలైన మందు.

స్పీకరు, డబ్బాలకు చెక్క 2,600 కలిపి మొత్తం: 28,020.

ఐదో దశ: మృదంగం పక్కన

మృదంగంతో కూర్చున్నప్పుడు లెక్క మారింది. గిటారు తీగ మీటిన క్షణం శబ్దం, తరువాత నిలిచే శబ్దం కంటే 10 డెసిబెల్లకు పైగా ఎక్కువ. ఆ మీటు చెదరకుండా, అంటే తరంగం ఆకారం చెడకుండా రావాలంటే, గరిష్ఠ స్థాయికి 10 తక్కువలో వాయించాలి. 12 అంగుళాలతో కూడా చిన్నదానికి అది 92 దగ్గర ఆగుతుంది. మా మృదంగం మీద చాపు దెబ్బ అదే ఫోనులో 94 నుంచి 97 చూపింది. పెద్దదానితో 98 వరకు శుభ్రంగా వస్తుంది. కాగితం మీద అల్పంగా కనిపించిన 5.4 డెసిబెల్లు సరిగ్గా ఇక్కడ అక్కరకు వచ్చాయి.

కొంత చెదిరితే నష్టమేమిటని అడగవచ్చు. ఒక్క స్వరమే వాయిస్తే నష్టం లేదు సరికదా, లాభమే. వాల్వు బరువెక్కినప్పుడు మీటు అణిగి, నిలిచే భాగం పైకి వస్తుంది. ఒక్క మీటుతో తీగ లాగి నాలుగైదు స్వరాల గమకం పలికించవచ్చు. కానీ నేను షడ్జమం తీగను శ్రుతిగా మోగిస్తూ దానిపైన వాయిస్తాను. చెదిరే ఆంప్లిఫయరు, రెండు స్వరాల పౌనఃపున్యాల తేడాకు సమానమైన మూడో స్వరాన్ని తానే పుట్టిస్తుంది. షడ్జమం 165 హెర్ట్జ్ అనుకుంటే, పంచమం 247. తేడా 82, అది మంద్ర షడ్జమమే కనుక ఇంపుగా ఉంటుంది. చతుశ్శ్రుతి రిషభం 185, తేడా 20, అది స్వరం కాదు, గుర్రు. అక్కడి నుంచి తీగ లాగి అంతర గాంధారానికి, అంటే 208కి వెళితే తేడా 43 అవుతుంది. పైన స్వరం ఒక మెట్టు కదిలేసరికి, అడుగున ఆ గుర్రు ఒక స్థాయికి (ఆక్టేవ్‌కు) మించి ఎగబాకుతుంది. గమకం ఊగినంతసేపూ కింద ఇంకొక అడ్డదిడ్డపు గమకం ఊగుతూ ఉంటుంది. మిత్రుడు వాయించడం ఆపి, “కింద ఎవరు వాయిస్తున్నారు?” అన్నాడు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది, ఇక్కడ శ్రోతకు ఇలాంటివి దాచలేము.

అందువల్ల నా పంపకం ఇది: శ్రుతితో, మృదంగంతో వాయించేందుకు పెద్దది, 12 అంగుళాలతో. ఒంటరిగా, ఒక్క తీగ మీద సాధన చేసేందుకు చిన్నది, 8 అంగుళాలతో. శ్రుతి తీగ మోగించనివారికి, మృదంగం గానీ డ్రమ్ములు గానీ పక్కన లేనివారికి పెద్దదానితో పని లేదని నా అభిప్రాయం.

ఆరో దశ: సిరిమాను వారం

విజయదశమి తరువాత వచ్చే మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం సాయంత్రం సాధనలో పెద్దది కూడా చెదరడం మొదలుపెట్టింది. వాల్వులు అరిగాయనుకున్నాను. గోడ దగ్గర కొలిస్తే 198 వోల్టులు. హీటర్ల వద్ద 6.3కు బదులు 5.4, పదో వంతు కంటే ఎక్కువ తగ్గుదల. అవుట్‌పుట్ 12 వాట్లకు పడిపోయింది. 16 వాట్ల ఆంప్లిఫయరు నాకు అవసరమైన వేళలోనే 12 వాట్లది అవుతోందన్నమాట.

500 వీఏ స్టెబిలైజరు కొన్నాను (1,900). ఇప్పుడు 222కూ 236కూ మధ్య నిలుస్తోంది. అయితే వోల్టేజీ మారిన ప్రతిసారీ దాని రిలే టక్కుమంటుంది, ఆ టక్కు స్పీకరులోనూ వినబడుతుంది. ఆంప్లిఫయరు నుంచి నాలుగు అడుగుల దూరానికి జరిపి, గిటారు కేబులుకు ఎదురువైపున పెట్టాక స్పీకరులోనిది పోయింది. గదిలో వినబడే టక్కు మాత్రం అలాగే ఉంది. ఆది తాళంలో అది ఎప్పుడూ ఎడుపులోనే, అంటే పాట ఎత్తుకునే చోటనే పడుతుందని మిత్రుడి ఫిర్యాదు.

మొత్తం: 29,920.